రమణ అంకుల్ పగలు వేయని లైట్లు

ఇది పౌరుషం, ద్రోహం, రక్తం, పశ్చాత్తాపం కలగలిసిన మహాగాథ. మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోండి. నిజం చెప్పాలంటే రక్తం అరచెంచాడే. పశ్చాత్తాపాన్ని ఎవరూ బయటికి ఒప్పుకోలేదు. గాథ మొత్తం ఒక కారవాన్ వెనక గోడకు బిగించిన అగ్గిపెట్టెంత కెమెరా గురించి. కారవాన్ అంటే కారుకు తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. ఈ ఇంగ్లండ్‌లో జనం సెలవులు రాగానే ఇంటికి తాళం వేసి, అంతకంటే చిన్న ఇంటిని లాక్కుంటూ పోయి, వానలో దాని కిటికీ పక్కన కూర్చుని టీ తాగి వస్తారు. దానికి హాలిడే అని పేరు.

ఈ ఉదయం కోవెంట్రీలో శారద ఆంటీ ఇంటి ముందు నిలబడి, ఆ కెమెరా చుట్టూ నీళ్ళు దిగకుండా పూసే సీలెంటు ఎండిపోతే, గీకేసి కొత్తది పూశాను. సిలికాన్ సీలెంటు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, అచ్చం వేడి చిప్స్ మీద వెనిగర్ చల్లి అమ్మే ఇక్కడి కొట్టు ముందు నిలబడినట్టు. ఆ వాసనకు మామూలు మనుషులకు ఆకలి వేస్తుంది. నాకు కోపం వస్తుంది. ఆంటీ భర్త రమణ అంకుల్ పోయి రెండు శీతాకాలాలు దాటాయి. అయినా ఆ వాసన వెంటే ఆయన గొంతు వస్తుంది: "గాలి బుడగ లేకుండా పుయ్యి పాపా. నీళ్ళకు సందు చూపిస్తే చాలు, చుట్టమై కూర్చుంటాది." బతికున్నంతకాలం పక్కన నిలబడి తప్పులు పట్టిన మనిషి పోయాక కూడా డ్యూటీ దిగలేదు.

నేను తెనాలి నుంచి ఆటోమోటివ్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చి, వాళ్ళ మేడమీది చిన్న గదిలో అద్దెకు దిగాను. మంచం వేశాక నిలబడటానికి చోటు మిగలని గది అది. అంకుల్‌ది అనంతపురం. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఐదేళ్ళు వైరింగ్ పని చేసి రిటైరయ్యారు. నేను వచ్చిన వారానికే ఒక వైరు ముక్క నా చేతిలో పెట్టారు.

"యూనివర్సిటీలో ఏం నేర్పిస్తాండారు పాపా?"

"కంట్రోల్ సిస్టమ్స్ అంకుల్."

"సంతోషం. ఈ వైరు తోలు తియ్యి."

తీశాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి రాగి పోగులు లెక్కపెట్టారు. "మూడు తెంపినావు. ఇప్పుడు వాటి పని మిగతావి చెయ్యాల. ఆఫీసుల్లో మాదిరే." నా డిగ్రీ విలువ ఆ వంటింటి బల్ల మీదే తేలిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు శనివారాలన్నీ ఆయన గ్యారేజీలోనే గడిచాయి. ఫ్యూజు ఎక్కడ పెట్టాలో, వైరు ఎక్కడ వంచకూడదో చేతికి నేర్పారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన మాట వేరే ఉంది. "అనుమానమొస్తే నోరు తెరువు. కాలినాక వాసన అందరికీ తెలుస్తాది. కాలకముందు చెప్పేవాళ్ళే ఇంజనీరు." ఆ మాట నాకు ఎంత ఒంటబట్టిందో తర్వాత చూద్దురు గాని.

ఆ ఇంట్లో కారవాన్ వెనక్కి తీయడానికి ఒక పద్ధతి ఉండేది. ఆంటీ వెనక నిలబడి, మన ఊళ్ళలో బస్సు క్లీనర్‌లా "రానీ, రానీ, రానీ" అనేవారు. చివర్న "ఆపు!" అనేవారు. అంకుల్ అద్దాలు చూసేవారు కాదు, ఆ గొంతు వినేవారు. "ఆపు" వినబడేదాకా వెనక్కి రావడమే. ముప్పై ఏళ్ళు ఇలాగే బండి నడిచింది, సంసారం కూడా. ఒక వేసవిలో వేల్స్‌లో సముద్రపు గాలి "ఆపు"ను ఎత్తుకుపోయింది. కారవాన్‌కూ రాతి గోడకూ మధ్య ఆంటీ ఇరుక్కోబోయారు. ఆ సంగతి ఆంటీ నాకు వంటింట్లో, ఉల్లిపాయలు తరుగుతూ, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పారు.

"జానెడు సందు మిగిలింది పాపా. నేనింక ఎనకాల నిల్చోను. ఆయనకు మెడ తిరగడం ల్యా. ఎవురికీ చెప్పుకోడు. నువ్వే ఏదన్నా కన్ను పెట్టు దానికి."

"అంకుల్‌కా, కారవాన్‌కా?"

"కారవాన్‌కు. ఆయనకు పెట్టినా పంజెయ్యదు."

మరుసటి వారం కెమెరా తెచ్చాను. అంకుల్ దాన్ని పెళ్ళిచూపుల్లో నచ్చని సంబంధాన్ని చూసినట్టు చూశారు. "ఫ్యాక్టరీలో వేల బండ్లకు వైరింగ్ చేసినోన్ని, నాకు కెమెరానా?" అన్నారు. అంటూనే డ్రిల్లు బయటికి తీశారు. ఒక మధ్యాహ్నంలో అయ్యే పని మూడు ఆదివారాలు పట్టింది, ఎందుకంటే కెమెరాకు కరెంటు ఎక్కడినుంచి తేవాలన్న దగ్గర ఇద్దరికీ పడలేదు. కారవాన్ లోపలి బ్యాటరీ నుంచి కొత్త వైరు లాగి, ఒక స్విచ్ పెడదామన్నాను.

"దానికి కప్‌బోర్డులన్నీ ఊడపెరకాల," అన్నారు. "పైన మూలన సైడ్ లైటు ఉండాది చూడు. దానికి పొయ్యే వైరు కెమెరాకు జానెడు దూరం. దాంట్లోంచి తీసుకో."

"అప్పుడు కారు లైట్లు వేస్తేనే కెమెరా పనిచేస్తుంది అంకుల్. పగలు ఎలా?"

"పగలు గూడా ఏస్తాలే."

"మీరా?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

ఇక్కడొక సంగతి చెప్పాలి. మన రోడ్ల మీద పట్టపగలు లైటు వేసుకుని బండి నడిపితే, ఎదురొచ్చే ప్రతివాడూ గుప్పిట తెరిచి మూసి 'లైటు వెలుగుతోంది, ఆర్పుకో' అని సైగ చేస్తాడు. అంకుల్ డ్రైవింగ్ ఆ రోడ్ల మీద నేర్చుకున్నారు. పగలు లైటు వేయడం ఆయన దృష్టిలో చొక్కా తిరగేసి తొడుక్కోవడంతో సమానం. ముప్పై ఏళ్ళుగా ఇంగ్లండ్ వానల్లో, మబ్బు కమ్మి రోడ్డు కనబడని మధ్యాహ్నాల్లో కూడా ఆరిన లైట్లతోనే తిరిగారు. ఎదుటివాళ్ళు హెచ్చరికగా లైట్లు కొడితే చేయి ఊపేవారు. "చూసినావా, ఎవురో తెలిసినోడు," అనేవారు.

ఇదంతా నాకు తెలుసు. అనుమానం వచ్చింది. నోరు ఒకసారి తెరిచి, మూసేసి, సైడ్ లైటు వైరులోంచే కనెక్షన్ ఇచ్చాను. పరీక్షించేటప్పుడు ఆయనే లైట్లు వేశారు. కారులో స్క్రీన్ మీద ఆంటీ గులాబీ మొక్క, దాని పక్కన ఆంటీ కనిపించారు.

"ఏమయా, నేను కనబడతాండానా?" అని ఆంటీ వెనకనుంచి కేకేశారు.

"ముప్పై ఏండ్లనుంచి కనబడతానే ఉండావు," అన్నారు అంకుల్. ఆయన నోట విన్న ప్రేమ మాట నాకు గుర్తున్నంతవరకు అదొక్కటే. అది కూడా ఫిర్యాదులాగే ఉంది.

ఆ వేసవిలోనే వాళ్ళు మళ్ళీ వేల్స్ బయల్దేరారు, ఈసారి నాతో కలిపి ముగ్గురం. కార్డిఫ్ దాటాక ఎండ వచ్చింది, ఎండలో లైట్లు వేయాలన్న మాట ఎవరికీ గుర్తు రాదు. ఆ ఎండను నేనిప్పటికీ క్షమించలేదు. కారవాన్లు నిలిపే సైటులో మాకిచ్చిన చోటు వెనక మళ్ళీ ఒక రాతి గోడ, దాని ముందు ఎవరో వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ. "ఉండు, కుర్చీ తీసేసొస్తా," అని ఆంటీ దిగారు. నేను ముందు సీట్లో ఉన్నాను. స్క్రీన్ నల్లగా ఉంది. లైట్లు వేయలేదని చూడగానే అర్థమైంది. అప్పుడు నేను, రెండేళ్ళ శిక్షణ పొందిన ఇంజనీరును, ఏమన్నానంటే:

"అంకుల్, అమావాస్య భలే క్లియర్‌గా కనబడుతోంది."

ఆయన నవ్వారు. నవ్వుతూనే రివర్స్ గేరు వేశారు. కెమెరా ఉంది కదా, చూస్తూనే ఉంటాడని ఆంటీ కేక వేయలేదు. కేక వినబడలేదు కదా, దారి ఖాళీయేనని అంకుల్ ఆగలేదు. నేను నా జోకుకు నేనే ముచ్చటపడుతున్నాను. మొదట కుర్చీ విరిగిన చప్పుడు వచ్చింది. అప్పుడు అరిచాను, "ఆపండి!" అని. రెండు సెకన్ల ముందు ఆ మాట నా నోట్లోనే ఉంది.

ఆంటీ పక్కకు దూకి గోడ మూలన పడ్డారు. మణికట్టు విరిగింది. గడ్డం దగ్గర చీరుకుని, ముందే చెప్పిన అరచెంచాడు రక్తం వచ్చింది. దూకడం ఇంకొంచెం ఆలస్యమై ఉంటే చెంచాలతో లెక్క తేలేది కాదు. ఆసుపత్రిలో వరండా పొడుగునా అంకుల్ ఫోన్లోనే ఉన్నారు. "కెమెరా ఫెయిలయింది. పాప చేసిన వైరింగ్," అని నా ఎదురుగానే, ఒకరి తర్వాత ఒకరికి చెప్పారు. కోవెంట్రీ చేరేసరికి వార్త మాకంటే ముందే చేరింది. ఇక్కడి తెలుగువాళ్ళం తలా ఒక వంట తెచ్చుకుని కలిసే పాట్‌లక్‌లో ఒక అంకుల్ పులిహోర వడ్డించుకుంటూ, "అమ్మాయ్, మా ఇంట్లో బల్బు మార్చాలి, వస్తావా? అంబులెన్సుకు నేను చెప్పి ఉంచుతా," అన్నాడు. అందరూ నవ్వారు. జోకు బాగానే ఉంది. అందుకే ఇంకా మండింది.

ఆ సాయంత్రమే రమణ అంకుల్‌ను ఇంటిముందు కారులో కూర్చోబెట్టాను. "లైట్లు వేయండి," అన్నాను. వేశారు. గులాబీ మొక్క కనిపించింది. "ఆర్పండి." నల్లబడింది. మళ్ళీ వేయించాను. నాలుగుసార్లు వేయించాను. రెండుసార్లు సరిపోయేది, కానీ నాకు కోపంగా ఉంది.

"వైరింగ్ బాగుండాది," అన్నారు చివరికి.

"ఆ మాట ఫోన్లో చెప్పండి, ఒక్కొక్కరికీ. ఆసుపత్రిలో చెప్పినట్టే."

"లైటు ఎయ్యడం మర్చిపోయినానని యెట్ల చెప్పల్ల పాపా? జీవితమంతా ఇదే పని చేసినోన్ని."

"నా జీవితం ఇప్పుడే మొదలైంది అంకుల్. దాన్ని మీరు వాడుకున్నారు."

ఆయన చేయి చాపి లైట్లు ఆర్పేశారు. తర్వాత అడిగారు, "స్క్రీను నల్లగుండేది నువ్వు చూసినావా, లేదా?"

"చూశాను."

"చూసి ఏమన్నావు?"

ఏమన్నానో నాకు గుర్తుంది. ఆయనకూ గుర్తుంది.

"నవ్వొచ్చే మాటకు ఎవురూ బ్రేకు తొక్కరు పాపా."

తన తప్పు ఒప్పుకోకుండా నా తప్పు చూపించారు. పైగా ఆయన చూపించింది నిజం. అబద్ధమైతే ఈపాటికి మర్చిపోయేదాన్ని. కారు తలుపు గట్టిగా వేసి దిగాను. గుమ్మంలో ఆంటీ చేతికి ప్లాస్టర్‌తో నిలబడి ఉన్నారు.

"ఇద్దరిదీ అయిందా? విరిగింది నా చెయ్యి. కీస్ ఇట్లియ్యండి."

ప్లాస్టర్ తీశాక ఆంటీ కారవాన్ లాగడం నేర్చుకున్నారు, అది కూడా పట్టపగలు లైట్లు వేసుకుని. ఆమె స్క్రీన్ చూస్తూ వెనక్కి తీస్తుంటే, అవసరం లేకపోయినా అంకుల్ దూరంగా ఒక పక్కన నిలబడి "రానీ, రానీ" అనేవారు. ఆంటీ వినేవారు కాదు. నన్ను మాత్రం ఆయన శనివారాలు మళ్ళీ గ్యారేజీలోకి పిలిచారు, నేనూ వెళ్ళాను. ఒక్క ఫోను కూడా చేయలేదు. అడగడం నేనూ మానేశాను. తర్వాత గుండెపోటుతో పోయారు, కెమెరాకు ఏ సంబంధమూ లేకుండా. అంత్యక్రియల దగ్గర ఎవరో పక్కవాళ్ళకు నన్ను చూపించి, "ఆ కెమెరా అమ్మాయే," అన్నారు. ఆయన పెట్టెలో ఉన్నారు కాబట్టి బతికిపోయారు.

ఇప్పుడు నేను బండ్లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. టెస్టు మధ్యలో ఏదైనా తేడాగా కనిపిస్తే ముందు "ఆపండి" అంటాను. బండి ఆగాక జోకు వేస్తాను. అప్పటికి జోకు చల్లారిపోయి ఉంటుంది, ఎవరూ నవ్వరు. తీసిన ప్రతి వైరుకూ పోగులు లెక్కపెడతాను. ఇదంతా ఆయన నేర్పిందే. ఇందుకు ఆయనకు థాంక్స్ చెప్పాలని నాకు ఏ కోశానా లేదు. ఆయన చేయాల్సిన ఫోన్లు ఇంకా బాకీ ఉన్నాయి.

శనివారం ఆంటీ కారవాన్ తీసుకుని స్నేహితురాలితో వేల్స్ వెళుతున్నారు. ఆ స్నేహితురాలు కూడా కొంత దూరం నడుపుతుందట. ఆమె కోసం ఒక చీటీ రాసి స్క్రీన్ కింద అంటించాను: సైడ్ లైట్లు వేస్తేనే కెమెరా వస్తుంది. రాకపోతే మూడు ఆంపియర్ల ఫ్యూజు చూడండి, కారవాన్‌లో స్పూన్ల డ్రాయరు వెనక ఉంది.