కీబోర్డులో చిక్కిన పోగు

“ఫైలంతా ఖాళీ! మధ్యాహ్నం సేవ్ అయిందే ఇది! అప్పుడు ఇక్కడున్నది నువ్వొక్కదానివే.”

“నేను అన్నానికి ఇంటికెళ్లానే స్వరూపా. అల్లా మీద ఒట్టు. తెరిచిందాన్ని తెరిచినట్టే వదిలి వెళ్లాను.”

“వెళ్లావో, అంతా చెరిపేసి నీ ఒక్కదాని పేరు మీద ఇంకోటి రాసుకుందామని కూర్చున్నావో! ఎవరు చూడొచ్చారు?”

“మామ్మగారు చూశారు. చెప్పే వెళ్లాను. అడుగు.”

నా మనవరాలు నావైపు తిరిగింది. “అమ్మమ్మా, ఇది ఇంటికెళ్లిందా?”

“ఏమో. నేను చూళ్లేదు” అన్నాను.

ఇన్నేళ్లుగా ఆ మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెబుతున్నాను.

మాది తెనాలి. నేను ఐదో తరగతి దాటలేదు. కూతురు రేపల్లెలో పంతులమ్మ. దాని బిడ్డ స్వరూప నా దగ్గరుండి, రోజూ రైల్లో బాపట్ల వెళ్లి కంప్యూటరు చదువు చదివేది. షాహీనా దాని క్లాసు పిల్లే, మా వెనక వీధి దర్జీ కూతురు. వాళ్లింట్లో కంప్యూటరు లేక, ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఇద్దరూ మా ఇంట్లోనే చేసేవాళ్లు. కంప్యూటర్లో అక్షరాలు కొట్టుకోవడానికి ఎడిటర్ అని ఒకటి ఉంటుందట. దానికి వీళ్లు ప్లగిన్ అని ఒక చిన్న పనిముట్టు రాసి తగిలిస్తున్నారు. కరెంటు పోయినా రాసింది పోకుండా, ఎవరూ చెప్పకుండానే అది ఫైలును దాచేస్తూ ఉంటుందట. అడక్కుండా దాచేదాన్ని ఎలా నమ్మాలి?

నాకు దాని మీదా నమ్మకం లేదు, ఆ పిల్ల మీదా లేదు. ఏం చేసిందని? చెప్పులు వరసగా విడిచేది. గదిలోంచి లేస్తే ఫ్యాను ఆపేది. నన్ను మంచి చేసుకోవడానికే అనుకునేదాన్ని. పనంతా స్వరూప చేత చేయించుకుని పేరు తను కొట్టేస్తుందని స్వరూప చెవిలో రోజూ నూరిపోసింది నేనే. ఒకసారి ఫ్లాపీలో ఇంకో కాపీ పట్టుకెళతానంది. నా ఇంటి కరెంటుతో చేసింది నా గడప దాటదన్నాను. దాటనిచ్చి ఉంటే?

ఆ ఆదివారం స్వరూప తల్లిని చూడ్డానికి రేపల్లె వెళ్లింది. షాహీనా ఒక్కతే పని చేసుకుంటూ, మధ్యాహ్నం “అన్నం తినొస్తాను మామ్మగారూ, ఆపకండి” అని చెప్పి వెళ్లింది. మనిషి లేకుండా యంత్రం తిరుగుతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. ఆపేముందు దుమ్మయినా దులుపుదామని, పాత ఆకుపచ్చ చీర చింపిన గుడ్డతో మీటలు గట్టిగా తుడిచాను. తెర మీద అక్షరాలన్నీ నీలంగా మారాయి. భయపడి మళ్లీ తుడిచాను. వాళ్లు రాసిందంతా పోయింది. తెల్లటి తెర. ఆ ప్లగిన్ తన పని తను చేసింది, ఆ ఖాళీనే దాచేసింది. నేను స్విచ్చి ఆపేశాను. ఆపకపోయి ఉంటే రెండు మీటలు నొక్కితే అంతా వెనక్కి వచ్చేదని తర్వాతెప్పుడో విన్నాను.

తెలియక చేశాను, నిజమే. కానీ సాయంత్రం ఇద్దరూ వచ్చి గొడవపడుతుంటే, చూళ్లేదని తెలిసే అన్నాను కదా? మనవరాలి ముందు పలచనవుతానన్న భయమా, లేక ఇన్నాళ్లూ ఆ పిల్లను అనుమానించింది సబబేనని నాకు నేను నిరూపించుకోవాలన్న ఆశా? రెండోదేనేమో. అదే నన్ను ఎక్కువ కాలుస్తుంది.

“ఇంక మా ఇంటికి రాకు” అంది స్వరూప. షాహీనా ఏడవలేదు. కీబోర్డు మీదికి వంగి, మీటల మధ్యనుంచి ఆకుపచ్చ పోగొకటి లాగింది. దర్జీ ఇంటి పిల్ల కదా. కిటికీ ఊచ మీద నేను వేసిన ఆ చీర గుడ్డను చూసింది. నన్ను చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. పోగును వేలికి చుట్టుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడిందా? నేనే చెబుతానేమోనని చూసిందా?

వాళ్లిద్దరూ మళ్లీ ఒక బెంచీ మీద కూర్చోలేదు. స్వరూపకు ఇవాళ్టికీ తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. చెప్పాక కాస్త ఊపిరాడుతోంది, అంతే.

ఆ గొడవ జరిగిన మర్నాడు పొద్దున స్వరూప ఒక్కతే స్టేషనుకు వెళ్లింది. కాసేపటికి షాహీనా తండ్రి గుమ్మంలోకి వచ్చాడు.

“మా అమ్మాయి కుట్టిందండి. మీకు దుమ్ము పడదంట కదా, ఇచ్చి రమ్మంది.”

కీబోర్డు మీద కప్పే ముసుగు. ఖాకీ గుడ్డ. చుట్టూ అంచు ఆకుపచ్చ దారంతో కుట్టి ఉంది.

తీసుకుని తలుపేసుకున్నాను.