ఐసు చాల్లేదట

పాపకి నాలుగో నెల రాగానే నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలి. అందుకే వారాల తరబడి నిద్ర మానుకుని పాలు పంప్ చేసి, చిన్న చిన్న సంచుల్లో ఫ్రీజర్ నిండా దాచాను.

మావారికి ఇంట్లోనే బీరు తయారు చేసే సరదా. ఉడికించిన బార్లీ నీళ్ళు గబగబా చల్లారకపోతే పాడవుతాయట. అందుకని చుట్టలు తిరిగిన రాగి గొట్టాన్ని అందులో ముంచి, గొట్టంలోకి కుళాయి నీళ్ళు వదులుతారు. కానీ ఎడారిలో ఉన్న మా చాండ్లర్‌లో జూన్ నెలలో కుళాయి తిప్పితే వేడినీళ్ళే!

సోమవారం నుంచి ఆఫీసు అనగా, శనివారం స్నానం చేసి వచ్చేసరికి గరాజ్‌లో మావారూ, ఆయన స్నేహితుడూ చప్పట్లు కొడుతున్నారు.

"కుళాయి నీళ్ళని ముందు ఐసు బకెట్‌లో ముంచిన ఇంకో గొట్టంలోంచి పంపించాం. ఎంత ఫాస్ట్‌గా కూల్ అయిందో చూడు!" అన్నారు మావారు.

బకెట్‌లోకి చూశాను. కరిగిన ఐసులో నా పాల సంచులు తేలుతున్నాయి.

"ఐసు చాల్లేదు. అవీ ఫ్రోజెనే కదా, మళ్ళీ ఫ్రీజ్ చేసేద్దాం."

కరిగిన పాలు ఒక్కరోజులో వాడేయాలనీ, మళ్ళీ గడ్డకట్టించకూడదనీ ఆయనకి తెలీదు. బార్లీ నీళ్ళు ఎన్ని డిగ్రీలకి రావాలో మాత్రం బాగా తెలుసు.

"పోన్లెండి వదినా, పాలు మళ్ళీ వస్తాయిగా" అన్నాడు స్నేహితుడు.

ఆ ఒక్కరోజుకి పాప తాగేవి ఉంచి, మిగతా సంచులన్నీ కత్తిరించి సింకులో పారబోశాను. సోమవారం డబ్బా పాలు కలిపి పెట్టి ఆఫీసుకి వెళ్ళాను.

బీరు బ్రహ్మాండంగా కుదిరిందట. ఇప్పటికీ పార్టీల్లో మావారు ఆ ఐసు బకెట్ ఉపాయం గొప్పగా చెబుతారు. అందరూ మెచ్చుకుంటారు. ఆ బకెట్‌లో ఇంకేం ఉన్నాయో ఆయన చెప్పరు. నేను వింటూ నిలబడతాను.