లా చదవడానికి తోడు

మా తాతయ్య భీమశంకరరావు తోడు లేకుండా ఏ పనీ చెయ్యడు. గోపాలపట్నంలో మా ఇంటి ఎదురు కొట్లో అగ్గిపెట్టె కొనాలన్నా పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ఊరికే నిలబడితే సరిపోదు, తనూ ఒక అగ్గిపెట్టె కొనాలి. పోర్టులో గుమాస్తాగా రిటైరయ్యే రోజున, "నానొక్కడినే ఎలా దిగిపోతాను, నువ్వూ రాజీనామా ఇచ్చీ" అని పక్క సీటాయన్ని బతిమాలాడట. నాన్న చెప్పే మాటల్లో సగం కోతలే కానీ ఇది మాత్రం నేను నమ్ముతాను.

ఎందుకంటే మంగలి షాపుకి నన్నే లాక్కుపోతాడు.

"నిన్ననే కటింగ్ సేయించుకున్నాను తాతా."

"పర్లేదురా, ఉన్నదాన్లోనే కొంచెం తీత్తాడు."

అలా మా వీధిలో నా పేరు గుండుగాడుగా స్థిరపడింది.

పక్కింటి ఎల్లాజీ కథ ఇంకా ఘోరం. ఆయనకు పన్నునొప్పి వచ్చి బుగ్గ బన్నులా ఉబ్బింది. డాక్టరంటే భయంతో లవంగాలు నములుతూ కాలం గడుపుతున్నాడు. ఒకరోజు తాతయ్య దవడ పట్టుకుని వచ్చాడు.

"పన్ను పీకేత్తంది బావా. ఒక్కడినే ఎల్లలేను, తోడు రా."

తీరా కుర్చీ ఎక్కాల్సిన సమయానికి, "ముందు ఈడి నోరు సూడండి డాక్టరుగారూ, నాకు ధైర్యం వత్తాది" అన్నాడు. ఎల్లాజీ పన్ను ఊడొచ్చింది. దూది కరిచిపట్టి బయటకొస్తూ, "మరి నీ పన్ను?" అని ఎల్లాజీ సైగ చేస్తే, తాతయ్య అమాయకంగా, "ఏ పన్ను బావా?" అన్నాడు.

ఇలాంటి మనిషి ఒక ఉదయం టిఫిన్ దగ్గర, "నాను లా సదువుతాను" అని ప్రకటించాడు.

నాన్న నోట్లో ఇడ్లీ అక్కడే ఆగిపోయింది. "ఇప్పుడా?"

"లాసెట్ ఎంట్రన్స్ పరీక్షకి వయసు పట్టింపు లేదురా. డిగ్రీ ఉంటే సాలు. నాకు బీయే ఉంది." తాతయ్య వంటగది వైపు తిరిగాడు. "జ్యోతీ, నీకూ బీయే ఉంది కదమ్మా?"

"ఉంటే ఏటి మావయ్యా?"

"నువ్వూ అప్లై సెయ్యి. నాకు తోడు."

మా అమ్మ జ్యోతిర్మయికి పెళ్ళికి ముందు ప్లీడరవ్వాలని ఉండేదట. తరవాత నేను పుట్టాను. ఇక వాదనంతా నా మీదే. వీధిలో కుళాయి తగాదా వచ్చినా, కరెంటు బిల్లు తప్పుగా వచ్చినా ఆడవాళ్ళంతా అమ్మనే ముందు నిలబెడతారు. ఊరందరి తరఫునా మాట్లాడే ఆవిడకి తన కోసం ఏదైనా అడగాలంటే మాత్రం నోరు పెగలదు. "ఈ వయసులో పుస్తకాలేటి, నవ్వుతారు" అని ఒకటికి పదిసార్లు అంది. "నన్ను సూసి నవ్వుతారులే, నువ్వు నా ఎనకాల దాక్కో" అన్నాడు తాతయ్య.

ఆ సాయంత్రం నుంచి మా ఇల్లు కోర్టయింది.

"గవర్నర్ని ఎవరు నియమిత్తారు?" అని నేను పుస్తకం చూసి అడిగేవాణ్ణి.

"ముఖ్యమంత్రి" అనేవాడు తాతయ్య ధీమాగా.

"రాష్ట్రపతి మావయ్యా."

"నువ్వు సూసినావేటి? మా పోర్టులో అందరికీ తెలుసు, ముఖ్యమంత్రే."

అమ్మకి రోషం వచ్చేది. స్టవ్ ఆపేసి పుస్తకం లాక్కుని, ఆ పాఠంతో పాటు తరవాతి పాఠం కూడా చదివి వినిపించి గెలిచేది. మర్నాటికి తాతయ్య ఇంకో తప్పుతో సిద్ధం. జీవితమంతా రూల్సు పుస్తకాల మధ్య బతికిన మనిషి ఇంత మొద్దెలా అయ్యాడా అని నేను జాలిపడ్డాను.

పరీక్ష రోజున ముగ్గురం బస్సు దిగాం. గేటు దగ్గర తాతయ్య, "నువ్వు పదమ్మా, బాత్రూంకెళ్ళి ఎనకాలే వత్తాను" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్ళింది. తాతయ్య తిన్నగా ఎదురుగా ఉన్న టీకొట్లో కూర్చున్నాడు.

"తాతా, గేటు మూసేత్తారు."

"ఆవిడెల్లిందా?"

"ఎల్లింది. నువ్వో?"

"నాకిప్పుడు లా ఎందుకురా? రెండు టీలు సెప్పు." తరవాత పెసర బొండాలు తినిపించి, ఈ సంగతి ఎక్కడా కక్కనని నా చేత ఒట్టేయించుకున్నాడు.

ఫలితాలొచ్చాయి. అమ్మకి మంచి ర్యాంకు. "మీదెంత మావయ్యా?" అంటే తాతయ్య తల గోక్కుని, "ముసలోళ్ళవి ఎనక ఇత్తారేమోనమ్మా" అన్నాడు. కొన్నాళ్ళకి నగరంలోనే ఒక లా కాలేజీలో అమ్మకి సీటొచ్చింది. చేరడానికి ఒక్క రోజు గడువుండగా అమ్మ మొండికేసింది.

"నానెల్లను. అందరూ నా కొడుకీడు పిల్లలు. మీరు తోడుంటారనే కదా రాసినాను. మీకు రాకపోతే నాకూ ఒద్దు."

తాతయ్య మొహం పాలిపోయింది. ఈ దెబ్బ ఆయన ఊహించలేదు. "నాను పరీక్షే రాయలేదమ్మా" అన్నాడు.

"మరెక్కడున్నారు?"

"టీకొట్లో."

"అంటే నన్నొక్కదాన్నే తోసేసినారు."

"ఒక్కదానివే రాసొచ్చినావు కదమ్మా. ఇంక నాతో పనేటి?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ కొంగు దించేసరికి అచ్చం జడ్జీలా ఉంది. "సరే, రేపు సేరతాను. కానీ మోసానికి శిక్షుంటాది. వచ్చే ఏడు మీరు రాయాల. నిజంగా రాయాల."

"మోకాళ్ళ నొప్పులమ్మా."

"పరీక్ష కూర్చునే రాత్తారు."

మర్నాడు కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్లు చూస్తున్న గుమాస్తా, "ఈ పెద్దాయనెవరమ్మా?" అని అడిగాడు.

"మా మావయ్య. వచ్చే ఏడు నాకు జూనియరు" అంది అమ్మ.

తాతయ్య నమస్కారం పెట్టాడు. బయటకి రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒరే, ఒక్కడినే సదవాలంటే బయమేత్తంది. నీకు ఇంటర్లో రెండు సబ్జెక్టులు ఉండిపోనాయి కదా..."

నేను అప్పటికే బస్సెక్కేశాను. అది ఎటు వెళ్ళే బస్సో కూడా చూడలేదు.