గోడవతలి పేరు

అమ్మ పోయి రెండు నెలలయింది. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందుగా దొంగల భయంతో మేం పడ్డ జాగ్రత్తలే గుర్తొచ్చాయి.

యాభైలలో మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. నాన్న వేరుశెనగకాయల వ్యాపారి. సరుకు కొనడానికి చింతలపూడి వైపు వెళితే రెండు మూడు రోజులు వచ్చేవారు కాదు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, ఎనిమిదేళ్ళ నేను. ఒక వేసవిలో పక్కవీధిలో మగవాళ్ళు లేని ఇంట్లోకి పట్టపగలే నలుగురు జొరబడ్డారు. ఆడవాళ్ళను గదిలో పెట్టి గొళ్ళెం వేసి, పెట్టెలు పట్టుకుపోయారు. ఆ ఆదివారం నాన్న మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టారు.

“ఎదురు తిరక్కండి. తాళాలు అడిగితే ఇచ్చెయ్యండి. ఒకళ్ళు మాత్రం పెరట్లోకి పరిగెత్తి పక్కింటి పెద్దాయన్ని పేరు పెట్టి పిలవాలి.”

“దొంగలూ అని అరిస్తే చాలదాండీ?” అంది అమ్మ.

“అలా అరిస్తే వీధంతా తలుపులు వేసుకుంటుంది. పేరు పెట్టి పిలిస్తే ఆ మనిషి రాక తప్పదు.”

అమ్మ నాయనమ్మ వైపు చూసింది. పక్కింటాయన రైసుమిల్లులో ఫిట్టరుగా చేసి మానేసిన మనిషి. ఆయనదీ, చనిపోయిన మా తాతయ్యదీ ఒకటే పేరు. మావగారి పేరు అమ్మ పలకదు. మొగుడి పేరు నాయనమ్మ పలకదు.

“పోనీ, ఏవండోయ్ అంటాను,” అంది అమ్మ.

“వీధిలో ప్రతివాడూ తన పెళ్ళామే పిలుస్తోందనుకుంటాడు.”

“మంచిదేగదరా, అందరూ వస్తారు,” అంది నాయనమ్మ.

మనవరాలికి ఆ పట్టింపు లేదు కనక పని నాకు పడింది. పెరటిగోడ పక్కన పాత కుడితిగోలెం బోర్లించి నన్ను దానిమీద నిలబెట్టారు. నేను గోడ మీదుగా పేరు పెట్టి “తాతగారూ” అని కేకేసేదాన్ని. “వస్తున్నానమ్మడూ!” అంటూ ఆయన అవతలినుంచి గోడను కర్రతో కొట్టేవారు. వారానికోసారి ఇదే సాధన. నాన్న ఊళ్ళో లేకపోతే అమ్మ చేయించేది.

దొంగలు రాలేదు. వానలు పట్టాక ఒక పొద్దున, నాన్న ఊరెళ్ళి, నేను బడికి పోయాక, పాచిపట్టిన నూతి చపటా మీద అమ్మ జారి పడింది. నుదురు చిట్లి స్పృహ తప్పింది. ఆమెను లేవదీసే బలం నాయనమ్మకు లేదు.

తరవాతి సంగతి పక్కింటాయన నాన్నకు చెప్పారు. “మొదటిసారి ఎవరో తెలియలేదండీ. ఆ గొంతు నన్నెప్పుడూ పిలిచింది కాదు. రెండోసారి తెలిసింది. గారూ లేదు, ఏమీ లేదు. ఉత్త పేరే.” దొంగలనుకుని ఆయన కర్ర పట్టుకునే వచ్చారు. జట్కా కట్టించి అమ్మను ఆసుపత్రికి చేర్చారు. ఇంకో గంట గడిస్తే రక్తం పోయి దక్కేది కాదన్నారట డాక్టరు.

ఆ రోజు నాయనమ్మ అన్నం ముట్టలేదు. తప్పు జరిగిందంది. పదోనాడు అమ్మ కుట్లతో ఇంటికొచ్చింది.

“అమ్మా, ఇకమీదట నువ్వే పిలుద్దువుగాని,” అన్నారు నాన్న.

“నోర్ముయ్యరా,” అంది నాయనమ్మ. ఆదివారం మళ్ళీ నన్నే గోలెం ఎక్కించారు.

రెండు నెలల కిందట అమ్మకు చివరి స్నానం చేయిస్తున్నప్పుడు నుదుటి మీద ఆ మచ్చ కనిపించింది. అత్తగారి మాట వచ్చినప్పుడల్లా “ఆవిడ నాకోసం పలికింది” అనేది అమ్మ. తను మాత్రం చివరిదాకా ఆ పేరు పలకలేదు. నేనూ ఇక్కడ రాయలేదు.