గొడ్డలి విసిరిన ఆదివారం

గొడ్డళ్లు విసిరే చోటు ఒకటి తెరిచారని మాకు చెప్పింది బట్టల దుకాణం స్నేహితురాలు. ఖమ్మంలో వాళ్లది తాతల నాటి దుకాణం. మామగారు పోయినప్పటి నుంచి గల్లాపెట్టె దగ్గర తనే కూర్చుంటుంది. బేరం లేనప్పుడు ఫోన్లో వీడియోలు చూస్తుంది. పాల్వంచ దాటాక, భద్రాచలం రోడ్డు నుంచి కాస్త లోపలికి, అడవిని ఆనుకొని ఒక రిసార్టు పెట్టారట. ఈత కొలను, తాడు మీద నడక, విల్లంబులు, వాటితోపాటు ఈ గొడ్డళ్ల ఆట.

"కట్టెలు కొట్టుడు కాదే, విసురుడు" అన్నది ఫోన్లో. "దూరంగ నిలబడి చెక్క మీదికి విసరాలె. గుచ్చుకుంటే పాయింట్లు. ముగ్గురం పోదాం. దానికి గూడ జర మనసు తేలికైతది."

'అది' అంటే మా మూడో స్నేహితురాలు. పెనుబల్లి దగ్గరి పిల్ల. అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరు. చర్ల వైపు బదిలీ అయినప్పటి నుంచి ఫోన్లు ఎత్తడం తగ్గించింది. ఎత్తినా "ఆ, బాగానే ఉన్నానే" అని పెట్టేసేది. ఏదో జరిగిందని మా ఇద్దరికీ అర్థమైంది గానీ, ఏం జరిగిందో తెలియదు.

మాది డిగ్రీ నాటి స్నేహం. ఆఫీసరూ నేనూ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. బట్టల దుకాణం ఆమెది ఖమ్మమే కాబట్టి ఇంటి నుంచి వచ్చేది, మా ఇద్దరికీ కలిపి డబ్బా తెచ్చేది. హాస్టల్ సాంబారు నుంచి మమ్మల్ని కాపాడింది వాళ్లమ్మ చేసిన ఖీమా, పరాటాలే.

నేను కారేపల్లి దగ్గరి తండా నుంచి వచ్చాను. ఇప్పుడు జిల్లా దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్ని. మా నాన్న, మా యాడి పోడు కొట్టి బతికినవాళ్లు. యాడి అంటే అమ్మ. అడవి అంచున చెట్లు నరికి, మొదళ్లు కాల్చి, ఆ నేలలో జొన్న, కంది వేసుకునేవాళ్లు. అట్లాంటి ఇంటి పిల్లకీ, ఆ చెట్లకు కాపలా కాసే ఆఫీసరుకీ ఇన్నేళ్లు స్నేహం ఎట్లా నిలిచిందని ఎవరైనా అడగొచ్చు. మా మధ్య పోడు అన్న మాట రాలేదు, అంతే. పెళ్లిళ్లు, కాన్పులు, అత్తలు, చీరలు, ఈమధ్య బీపీ మాత్రలు, అన్నీ మాట్లాడుకున్నాం. ఆ ఒక్కటి వచ్చేటట్టు ఉంటే ఇద్దరిలో ఎవరో ఒకరం మాట మార్చేవాళ్లం. అది జాగ్రత్తో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆదివారం పొద్దున బట్టల దుకాణం ఆమె కారు తీసింది. నన్ను ఇంటి దగ్గర ఎక్కించుకుంది. ఆఫీసరు ముందురోజే భద్రాచలం వచ్చి చుట్టాలింట్లో ఆగింది, తిన్నగా అక్కడికే వస్తానన్నది. మేము వెళ్లేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది. యూనిఫాం లేకుండా చుడీదార్‌లో ఆమెను చూసి చాలా రోజులైంది. చిక్కింది. బట్టల దుకాణం ఆమె దిగుతూనే గట్టిగా పట్టుకుని, "ఏందే, అడవిల తిండి పెడ్తలేరా నీకు?" అన్నది. ఆఫీసరు నవ్వింది. పాత నవ్వే గానీ, తొందరగా అయిపోయింది.

గొడ్డళ్లు విసిరే చోటు ఒక రేకుల షెడ్డు. మధ్యలో కంచె జాలీలు, వాటి మధ్య ఒక్కొక్క గుంపుకి ఒక్కొక్క గది లాంటి చోటు. ఎదురుగా చెక్కలు, వాటి మీద ఎర్రరంగుతో గుండ్రటి గీతలు. ఆఫీసరు గొడ్డళ్లను చూడలేదు. తిన్నగా చెక్కల వైపు చూసి, "ఏం కర్ర ఇది?" అని అడిగింది.

నేర్పించే ఆయన నడివయసు మనిషి, మెడలో విజిల్. ఆమె ఎవరో తెలియకపోయినా ఆ గొంతు తెలిసినట్టుంది. "జామాయిలే మేడమ్. ప్లాంటేషన్‌ది. బిల్లులు గూడ ఉన్నయ్" అన్నాడు కంగారుగా. మేమిద్దరం పగలబడి నవ్వాం. "ఆదివారం గూడ డ్యూటీ ఏందే తల్లీ!" అని బట్టల దుకాణం ఆమె ఆఫీసరు వీపు మీద చరిచింది.

ఆయన ఆట చెప్పాడు. రెండు చేతులతో పట్టుకోవాలి. గొడ్డలిని తల వెనక్కి తీసుకుపోవాలి. ఒక అడుగు ముందుకు వేస్తూ చేతులు ముందుకు తెచ్చి, అవి కళ్లకు ఎదురుగా రాగానే వదిలెయ్యాలి. బలం అక్కర్లేదు, వదలడమే ముఖ్యం అన్నాడు. విసిరేవాళ్లు గీత దాటొద్దు, మిగతావాళ్లు జాలీ వెనక ఉండాలి.

ముందు బట్టల దుకాణం ఆమె విసిరింది. మొదటిది చెక్కకు అడ్డంగా తగిలి ఖణేల్‌మని కింద పడింది. రెండోదీ అంతే. ఆ తరువాత ఒకటి చెక్క మూలన దిగింది. షెడ్డంతా వినిపించేలా అరిచింది. దుపట్టా నడుముకు బిగించి, "ఇగ చూడుర్రి" అని మళ్లీ అందుకుంది. బేరమాడి వెళ్లిపోయేవాళ్లంతా ఆ చెక్క మీద కనిపిస్తున్నారట ఆమెకు.

తరువాత నా వంతు. గొడ్డలి కామ, అదే కర్ర పిడి, చేతికి తగలగానే నాకు ముందు గుర్తొచ్చింది దాని నునుపు. మా ఇంటి గొడ్డలి కామ కూడా అట్లనే ఉండేది, చేతులు పట్టీ పట్టీ నున్నగా అయింది. మా ఇంట్లో గొడ్డలిని ఎవరూ దాటేవాళ్లు కాదు. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు కామ వైపు తిప్పి ఇచ్చేవాళ్లు. విసరడమంటే ఇంక చెప్పేదే లేదు. చిన్నప్పుడు ఒకసారి గొడ్డలిని గుమ్మం ముందు ధడేలున పడేశానని యాడి నాతో మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

గొడ్డలిని తల వెనక్కి తీసుకున్నాను. ముందుకు తెచ్చాను. వదల్లేదు. వదలాలని తెలుసు, మెదడు చెప్తోంది, వేళ్లు వినలేదు. చేతులు కిందిదాకా వచ్చాక ఎప్పుడో జారి, గొడ్డలి నా ముందే మట్టిలో పడింది.

"చెట్టు కొట్టినట్టు కొడ్తున్నరు మేడమ్" అన్నాడాయన. "ఇది విసరాలె. చేతులు ఎదురుంగ రాంగనే ఇడిచిపెట్టాలె."

మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ మట్టిలోనే. నవ్వుకుంటూ వెనక్కి తిరిగితే, ఆఫీసరు జాలీ దగ్గర లేదు. షెడ్డు అవతల, చెట్ల వైపున్న సిమెంటు బెంచీ మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. పక్క గుంపు వాళ్లు విసిరిన గొడ్డలి ధబ్బున చెక్కలో దిగింది. ఆమె భుజాలు ఉలిక్కిపడటం అంత దూరం నుంచి కూడా కనిపించింది.

నా వంతు బట్టల దుకాణం ఆమెకు ఇచ్చేసి వెళ్లి పక్కన కూర్చున్నాను.

"చప్పుడు పడట్లేదే" అన్నది తనే. "పక్క క్వార్టర్లో కొబ్బరికాయ కొట్టినా గుండె దడదడలాడుతోంది. మీరు పిలిచినప్పుడు రాననే అందామనుకున్నాను. మళ్లీ అనిపించింది, పోయి చూద్దాం, ఆట కదా అని."

"ఏమైందే?"

చెప్పింది. చర్ల అవతల ఒక గూడెం దగ్గర మొక్కలు నాటడానికి గుంతలు తీయిస్తున్నారు. ఆ నేల మాది, ఏళ్లుగా దున్నుకుంటున్నామని గూడెంవాళ్లు వచ్చి అడ్డం నిలబడ్డారు. మాటా మాటా పెరిగింది. వాళ్లలో ఒక పెద్దామె చేతిలో గొడ్డలి ఉంది. అంతకుముందు కట్టెలు కొట్టుకుంటూ అట్లనే వచ్చినట్టుంది. సముదాయిద్దామని ఆఫీసరు ముందుకు వెళ్లింది.

"ఆమె ఎత్తింది" అన్నది. "కోయలో ఏదో అరుస్తూ ఎత్తింది. నా మీదికా, ఊరికే బెదిరించడానికా, నాకు ఇప్పటికీ తెలియదు. నేను మణికట్టు పట్టేసుకున్నాను. పట్టుకోగానే వదిలేసిందే. కొట్టే మనిషైతే అట్లా వదలదు కదా? మావాళ్లు కేసు పెడదామన్నారు. వద్దన్నాను. గొడ్డలి మాత్రం జీపులో వేసుకొచ్చారు. స్టోర్ గదిలో ఉంది. రోజూ ఆ గది ముందు నుంచే లోపలికి పోవాలి."

ఇది వింటున్నప్పుడు నా మనసు ముందు ఎటు పోయిందో రాస్తే తప్ప ఈ జ్ఞాపకానికి అర్థం లేదు. అది ఆ పెద్దామె దగ్గరికి పోయింది. నా పక్కన కూర్చున్నది, నా రెండు కాన్పులకూ దవాఖానాలో నా మంచం పక్కన పడుకున్న మనిషి. అయినా నాకు ముందు కనిపించింది గొడ్డలి పోయిన చేతులే. ఆ తరువాతే ఈమె భయం కనిపించింది. రెండూ నిజమే అని అనుకోవడానికి కొంతసేపు పట్టింది.

"కామ ఉందా?" అని అడిగాను.

"ఏంటి?"

"ఆ గొడ్డలికి. కామ ఉన్నదా, తీసేసిండ్రా?"

"ఉంది. ఎందుకు?"

అప్పుడు చెప్పాను. హాస్టల్ గదిలో రాత్రుళ్లు ఎన్ని మాటలు చెప్పుకున్నా చెప్పని మాట. ఫారెస్టోళ్లు వస్తున్నారని కేక వినిపిస్తే మా తండాలో ముందు గొడ్డళ్లు మాయమయ్యేవి. ఒకసారి దాచే వీలు దొరకలేదు, గార్డు మా గొడ్డలి పట్టుకుపోయాడు. మరునాడు యాడి నన్ను వెంటబెట్టుకుని రేంజి ఆఫీసుకు నడిచిపోయి మెట్ల మీద కూర్చుంది. అడగలేదు, ఏడవలేదు. కూర్చుంది. లోపలికి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఆమెను తప్పించుకుని నడిచారు. సాయంత్రానికి విసుగొచ్చి ఎవరో తెచ్చి ఇచ్చారు. ఇనుము మాత్రమే. కామ చాయ్ పొయ్యిలో పెట్టేశారు. అది మా తాత చెక్కిన కామ. యాడి ఆ ఇనుప ముక్కను కొంగులో చుట్టుకుని ఇంటిదాకా నడిచింది.

"నన్నేం అనమంటావ్?" అన్నది ఆఫీసరు, చెట్ల వైపే చూస్తూ. గొంతులో కోపం ఉంది. "ఆ గార్డుది తప్పంటాను. పొయ్యిలో పెట్టడం తప్పే. కానీ చెట్లు నరుకుతుంటే చూస్తూ ఊరుకోమంటే ఊరుకోలేను. నేను చేరినప్పుడున్న అడవి ఇప్పుడు లేదే. నా కళ్లముందే పోయింది."

"నిన్ను ఏం అనమంటలే. మా యాడి ఆ నేల కొట్టకపోతే నేను నీ గదిల ఉండేదాన్ని కాదు. అది గూడ నిజమే కదా."

"నిజమే" అన్నది.

అంతకుమించి మేమేం తేల్చలేదు. తేలే విషయం కూడా కాదు. కానీ ఆ మాట మా మధ్యకు వచ్చి కూర్చున్నాక ఊపిరి ఆడకుండా ఏం పోలేదు. మామూలుగానే కూర్చున్నాం. లోపల నుంచి బట్టల దుకాణం ఆమె కేక: "ఏందే మీ ముచ్చట్లు! టైమైపోతుంది, జల్దీ రార్రి!"

ఆఫీసరు లేచింది. దుపట్టా సర్దుకుని గీత దగ్గర నిలబడింది. గొడ్డలి ఇవ్వబోతే వెంటనే అందుకోలేదు. కాసేపు దాన్నే చూసి, తరువాత పట్టుకుంది. మొదటిసారి విసిరితే చెక్కకు తగలనే లేదు. రెండోసారి వెనక తడికెకు తగిలింది. ఆమె ముఖంలో ఆటాడుతున్న మనిషి ఛాయలు లేవు. పళ్లు బిగబట్టి, పరీక్ష రాస్తున్నట్టు ఉంది. నేర్పించే ఆయన కూడా సలహాలు ఆపేశాడు. ఎన్నోసారో, గొడ్డలి గాలిలో ఒకసారి తిరిగి, ఎర్రగీతల మధ్యలో కాదు, అంచు మీద, ధబ్బున దిగింది.

ఉలిక్కిపడింది. తను విసిరిన దాని చప్పుడుకి తనే. ఆ వెంటనే నవ్వొచ్చింది ఆమెకు. మొదట చిన్నగా, తరువాత కడుపు పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. బట్టల దుకాణం ఆమెకు సంగతి ఏమీ తెలియదు. అయినా వచ్చి ఆమెను పట్టుకుని తనూ నవ్వింది.

నేను ఆ రోజు ఒక్కటి కూడా గుచ్చలేదు. మా స్నేహితురాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. నాకేం చిన్నతనంగా లేదు.

మధ్యాహ్నం అక్కడే బొంగు చికెన్ తిని, భద్రాచలం పోయి గోదావరి ఒడ్డున చాయ్ తాగి, ఎవరి దారిన వాళ్లం వచ్చేశాం. చాయ్ దగ్గర ఆఫీసరే బట్టల దుకాణం ఆమెకు జరిగింది చెప్పింది. ఆమె మొత్తం విని, "అరె, ఇంత మోసుకొని తిరిగినవా ఒక్కదానివే!" అని తిట్టింది.

కొన్ని వారాలకు ఒక సాయంత్రం ఫోన్ చేసింది ఆఫీసరు.

"ఇచ్చేసొచ్చానే" అన్నది.

అంగన్‌వాడీ టీచరును తోడు తీసుకుని, యూనిఫాంలోనే పోయిందట. ఆ పెద్దామె ఇంటి ముందు ఇప్పపూలు ఎండబోసుకుని ఉంది. గొడ్డలి చేతికి ఇవ్వబోతే తీసుకోలేదు. కింద పెట్టమని సైగ చేసింది. మంచినీళ్లు ఇవ్వలేదు, కూర్చోమనలేదు.

"ఆ రోజు నా మీద అరిచింది కదా, ఏమన్నావని టీచరుతో అడిగించాను. నెలల తరబడి అదే ఆలోచించాను కదే, ఏమని ఉంటుందా అని."

"ఏమన్నది?"

"గుర్తులేదంది. 'ఆ రోజు చానా మాటలన్న, ఏదని చెప్పాలె' అన్నదట."

తరువాత అన్నది: తను జీపు దాకా వచ్చేలోపే వెనక నుంచి రాతి మీద గొడ్డలి నూరుతున్న చప్పుడు వినిపించిందట. తుప్పు పట్టింది కదా మరి, అన్నది. ఆ గుంతలు సగంలోనే ఆగి ఉన్నాయి, పైనుంచి ఏం ఆర్డరొస్తుందో తెలియదు, వస్తే మళ్లీ తనే పోవాలి.

"భయమైందా, ఆ చప్పుడుకి?" అని అడిగాను.

"అయింది" అన్నది. "అయినా ఆగి విన్నాను."