కింద నిలబడ్డ ట్రెసా

ట్రెసా హోల్కమ్ పాలు మానేసి ఏడాదిన్నర దాటింది. పాలు తాగితే పొడుగవుతావని చిన్నప్పుడు చెప్పింది తల్లి వోండాయే. ఇప్పుడా మాట ఆమె మెడకే చుట్టుకుంది. దాణా కొట్టులో పనికి వెళ్లే ముందు వోండా రోజూ గ్లాసు నిండా పాలు బల్ల మీద పెట్టేది. కూతురు దాని వంక చూడకుండా గుడ్డు పెట్టి చుట్టిన బురిటో రొట్టె చేత పట్టుకుని పికప్ ట్రక్కు ఎక్కేది.

"ఎముకలు గుల్లయిపోతాయే," అంది తల్లి ఒకరోజు.

"అవనీ. కాస్త బరువైనా తగ్గుతాను."

తొమ్మిదో తరగతిదాకా ట్రెసా డోబిన్ క్రీక్ హైస్కూలు చీర్‌లీడర్ల చిన్న జట్టులో, ఫుట్‌బాల్ ఆటల్లో గంతులేసి జనాన్ని ఉత్సాహపరిచే పిల్లల్లో, ఫ్లయర్. అంటే కిందివాళ్లు ఎత్తితే వాళ్ల అరచేతుల మీద నిలబడి చేతులు చాపి నవ్వే పిల్ల. మా ఊళ్లో శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆటకి రాలేదంటే ఆ మనిషి మంచాన పడి ఉండాలి, లేదా చమురు బావి దగ్గర డ్యూటీలో ఉండాలి. కాబట్టి ట్రెసా మొహం ఊరందరికీ తెలుసు. పేరు తెలియని ముసలాళ్లు కూడా కిరాణా కొట్టులో కనిపిస్తే "పైన నిలబడేది నువ్వేగా" అని పలకరించేవారు. ఆ తర్వాత ఒక్క వేసవిలో జానెడు పొడుగు పెరిగింది. కోచ్ ప్రూయిట్ ఆగస్టులో ఆమెను ఎగాదిగా చూసి, ఇంకేమీ అనకుండా మోసేవాళ్ల వరసలో నిలబెట్టింది. ఆ వరసలోవాళ్లని బేస్‌లంటారు. వాళ్ల పేర్లు కిరాణా కొట్టులో ఎవరూ అడగరు.

ఆమె స్థానంలోకి వచ్చింది కిన్లీ ఆబ్‌షైర్. ఓక్లహోమా నుంచి పిన్ని దగ్గరికి వచ్చి, ఊరి చివర చక్రాల మీది ట్రైలర్ ఇంట్లో ఉంటోంది. పిచ్చుకంత మనిషి. వచ్చిన వారానికే అందరికీ నచ్చేసింది. ట్రెసాకి అన్నిటికంటే మంట పుట్టించింది అదే కావచ్చు. కనీసం పొగరుబోతయినా అయితే తిట్టుకోవచ్చు. ఆ పిల్ల "ప్లీజ్", "థాంక్యూ" లేకుండా మంచినీళ్లు కూడా అడగదు. పైగా సరైన బూట్లు లేకుండా వచ్చింది. అది తెలిసిన వోండా, అలమరలో ఊరికే పడున్నాయి కదా అని, కూతురు పాత తెల్ల బూట్లు తీసి ఇచ్చేసింది. ట్రెసాని అడగలేదు. అడగాలని ఆమెకు తోచలేదు కూడా.

దూరాన ఉన్నవాళ్ల మీద అసూయ పడటం తేలిక. ట్రెసాకి ఆ సౌకర్యం లేకపోయింది. వారానికి నాలుగు మధ్యాహ్నాలు తన బూట్లలో ఉన్న ఇంకొకరి కాళ్లని తనే పట్టుకుని భుజాల మీదికి ఎత్తాలి. కిన్లీ మధ్యాహ్నం ఏం తిన్నదో కూడా చేతులకి తెలిసిపోయేది. పక్కన రెండో కాలు పట్టుకునే మారిబెల్ కాంటూ కబుర్ల పోగు. "ఇది బీన్స్ తిన్న రోజున రెండు పౌన్లు ఎక్కువుంటుందే" అని నవ్వేది. ట్రెసా నవ్వేది కాదు.

ఏప్రిల్‌లో పెద్ద జట్టుకి ఎంపికలు. పన్నెండో తరగతికి వెళ్లేవాళ్లకి ఇదే ఆఖరి అవకాశం, వాళ్లని మళ్లీ చిన్న జట్టులోకి తీసుకోరు. ట్రెసా పిల్లిమొగ్గలు పొడుగు కాళ్లవల్ల పాడయ్యాయి. చేతులు నేలకి ఆనేసరికి నడుము ఇంకెక్కడో ఉంటుంది. ఆ మార్కులు పోతాయని ఆమెకే తెలుసు. పూడ్చుకోవాలంటే స్టంటులో, అంటే మనిషిని ఎత్తి నిలబెట్టే విద్యలో, మార్కులు రావాలి. స్టంటు మార్కులేమో ఎక్కేవాళ్లకీ మోసేవాళ్లకీ కలిపి ఒకటే. అందుకని కిన్లీ పడిపోతే బాగుండునని అనుకోవడానికి కూడా వీల్లేదు. అనుకుంది, నాకు తెలిసి చాలాసార్లే అనుకుంది. కానీ ఆ కోరిక తీరితే తనూ మునిగేది.

కిన్లీలో ఉన్న లోపం ఒక్కటే. పైకి వెళ్లాక కిందికి చూసేది. చూడగానే మోకాలు వణికేది, వణికితే దిగిపోయేది. ఆ జబ్బు తనకీ ఉండేది, దాని మందు ఏమిటో ట్రెసాకి తెలుసు. కోచ్ రెండుసార్లు చెప్పింది, నువ్వు ఎక్కినదానివి కదా, కాస్త చెప్పు అని. ట్రెసా సరే అని తలూపి ఊరుకుంది. ఫిబ్రవరి గడిచింది. మార్చి వచ్చింది.

మార్చి ఆఖర్లో ఒక సాధన అయ్యాక, చాపలు చుడుతుండగా, కిన్లీయే వచ్చి అడిగింది.

"నువ్వు పైనున్నప్పుడు కిందికి చూడాలనిపించేది కాదా?"

"ఎందుకనిపించదు?"

"మరి ఏం చేసేదానివి?"

ట్రెసా చాప చుట్టడం ఆపలేదు. మారిబెల్ మాత్రం నోరు మూసుకుని చూస్తూ నిలబడింది, అది అరుదు.

"ఎదురుగా తలుపు మీద ఎర్ర అక్షరాల దీపం ఉంది చూడు. దాన్ని చూడు. అది నీకు బాకీ ఉన్నట్టు చూడు. పిరుదులు బిగబట్టు. కింద మేం ఉన్నామన్నది మర్చిపో."

"మర్చిపోతే మీరు వదిలేస్తే?"

"వదిలెయ్యం," అంది ట్రెసా. చాపకి పట్టీ బిగించి, "మార్కులు పోతాయి" అని కలిపింది.

తను ఏడాది తంటాలు పడి నేర్చుకున్నదాన్ని కిన్లీ ఆ ఒక్క మధ్యాహ్నంలో పట్టేసింది. మర్నాడు స్తంభంలా నిలబడింది. కోచ్ చప్పట్లు కొట్టింది. కిన్లీ దిగి, ట్రెసా నేర్పిందని అందరికీ వినబడేలా చెప్పింది. ఆ మెప్పు ట్రెసాకి పుండు మీద కొత్త కారం రాసినట్టనిపించింది. ఇంటికెళ్లి వోండాతో, దానికి మంచితనం కూడా తేరగా వచ్చిందని అంది.

ఎంపికల రోజున జిమ్ కిటికీలకి ఎప్పటిలాగే బయటికి కనబడకుండా గోధుమరంగు కాగితం అంటించారు. తల్లులు బయట పికప్‌లలో కూర్చున్నారు. వేరే ఊళ్లనుంచి వచ్చిన ముగ్గురు జడ్జీలు బల్ల వెనక కూర్చున్నారు. పిల్లల పేర్లు వాళ్లకి తెలియవు, చొక్కాకి గుచ్చిన నంబర్లే తెలుసు. ట్రెసా పిల్లిమొగ్గలు అనుకున్నట్టే పోయాయి. ఆపైన స్టంటు.

ట్రెసా, మారిబెల్ ముంగాళ్ల మీద కూర్చుని లేచారు. కిన్లీ పైకి వెళ్లింది, కదల్లేదు. ఆ పాదం తన అరచేతిలో రాయిలా ఉండటం ట్రెసాకి తెలుస్తూనే ఉంది. బల్ల దగ్గర మధ్యన కూర్చున్న జడ్జీ పడుచుది, ఈ మధ్యే కాలేజీ వదిలినట్టుంది. తల పైకెత్తి కిన్లీని చూస్తూ నవ్వింది. మనస్ఫూర్తిగా, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. అలాంటి నవ్వులు రెండేళ్లక్రితందాకా ట్రెసావే. ట్రెసా గడ్డం తిప్పింది. పైన ఉన్నదాని మీద నుంచి కళ్లు తీసి, ఆ జడ్జీ వైపు తిరిగి, ఫ్లయర్లు నవ్వే నవ్వు నవ్వింది. జడ్జీ చూపు కిందికి దిగింది. కలం కూడా.

శనివారం తెల్లవారకముందే జట్టుకి చందాలు పోగుచేసే బూస్టర్ క్లబ్బు తల్లులు ఊరంతా తిరిగి, ఎంపికైన పిల్లల వాకిట్లో చెక్కతో చేసిన మెగాఫోను బొమ్మ పాతుతారు, దాని మీద పేరు రాసి. ఆ పొద్దున వోండా డోనట్లకని బయల్దేరి, ట్రైలర్ ఇంటి ముందు కిన్లీ పేరున్న బొమ్మ చూసి, డోనట్లు కొనకుండా వెనక్కొచ్చింది. తమ వాకిట్లో గడ్డి తప్ప ఏమీ లేదు. తొమ్మిదింటికి కోచ్ ఫోన్ చేసింది.

"స్టంటులో మీ అందరికీ బాగా వచ్చాయి. భద్రత మార్కులు ఎవరివి వాళ్లవే, అందులో మాత్రం నీకు సున్నా వేశారు. ముగ్గురికి ముగ్గురూ."

"ఎందుకు కోచ్? అది పడలేదు కదా."

"పిల్ల పైన ఉండగా నువ్వు జడ్జీలని చూసి నవ్వావు. కిందున్నవాళ్లు నవ్వక్కర్లేదు ట్రెసా. పైకి చూడాలి."

ట్రెసా కిన్లీకి ఎన్ని వచ్చాయని అడిగింది. అది నీకనవసరం అంది కోచ్. అని, అందరిలోకీ ఎక్కువ ఆ పిల్లకేనని కూడా చెప్పింది. ఆపైన అసలు సంగతికి వచ్చింది. పెద్ద జట్టులో అదనపు పిల్లగా ఒక చోటుంది. వేసవంతా అందరితోపాటు సాధన చెయ్యాలి, ఎవరికైనా దెబ్బ తగిలితేనే యూనిఫాం. ఆదివారంలోగా చెప్పమంది.

అందరూ మానేస్తుందనుకున్నారు. వోండా కూడా మానేయమనే చెప్పింది. రోజూ దాన్నే చూస్తూ ఉడికిపోవడం దేనికే అంది.

"మానేస్తే శుక్రవారాలు స్టాండ్‌లో కూర్చుని చూడాలి కదా. అక్కణ్నుంచి దాని మొహం కనిపిస్తుంది," అంది ట్రెసా. "కింద ఉంటే అరికాళ్లే."

ఆదివారం చర్చి నుంచి వచ్చి కోచ్‌కి ఫోన్ చేసి సరే అంది. సెప్టెంబరులో మారిబెల్ మణికట్టు బెణికింది. ఆ ఏడాది డోబిన్ క్రీక్ మొత్తం పదకొండు ఆటలాడింది. మారిబెల్ స్థానంలో ట్రెసా యూనిఫాం వేసుకుంది మూడు ఆటలకి.