తెల్ల పట్టీ పడని చెట్టు

తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని మల్లేశు పొద్దుటినుంచీ కాలువ గట్టు మీద తిరుగుతున్నాడు. కొట్టాల్సిన చెట్టుకు నడుమెత్తున పట్టీ వేయాలి. ఉండాల్సిన చెట్టు జోలికి పోకూడదు. పని ఇంతే. కానీ ఆ గట్టు మీద ప్రతి చెట్టుకీ ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో నోరున్న మనుషులున్నారు.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో కార్పొరేషన్ క్వార్టర్ల వెనక గట్టు అది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఈ ఊరి వీధులు ఊడ్చి, కాలువలు తోడి బతుకుతున్న తెలుగువాళ్ల క్వార్టర్లు. ఐలా తుపానుకు గట్టు మీది పాత చెట్లన్నీ వేళ్లతో సహా పడిపోతే, లారీలో మహాగని మొక్కలు దిగాయి. ఇంటికో మొక్క అనుకున్నారు. క్వార్టర్లలో ఎలా ఉంటారో అలాగే నాటారు. పక్కింటివాళ్ల మొక్క పక్కనే వీళ్ల మొక్క, వరస తప్పకుండా, గోడకు గోడ ఆనినట్టు. కొంచెం ఎడంగా నాటండని అన్నవాళ్లు లేకపోలేదు. "ఎడంగా నాటితే ఇంక పక్కింటోల్లు ఎలాగవుతారు?" అని పిచ్చమ్మ అడిగింది. అందరికీ అదే న్యాయమనిపించింది. అప్పటినుంచి ఇంట్లో పిల్లకు అన్నం ముట్టించినా, ఎవరి ఉద్యోగం పర్మనెంటయినా, ఎవరి చెట్టు మొదట్లో వాళ్లు చెంబెడు పసుపునీళ్లు పోసుకోవడం ఆనవాయితీ అయింది.

ఇప్పుడా చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెదురు గడల్లా పైకి పోయాయి. మళ్లీ ఒక తుపాను వస్తే సగం విరుగుతాయి. కింద నేలంతా చీకటి. రాలిన గింజలు మొలకెత్తాయి గానీ మోకాలెత్తు దాటలేదు.

ఉద్యానవన విభాగంలో మల్లేశుది చెట్లు కొట్టే పని. అతని పైన సూపర్‌వైజరు సంజయ్, బెంగాలీ కుర్రాడు, అడవుల చదువు చదివాడు. అటవీశాఖ వాళ్లను తీసుకొచ్చి చూపించి, అనుమతి తెచ్చిందీ అతనే. చెట్లు పలచన చేయాలని అతను మొదట చెప్పినప్పుడు మల్లేశుకు ఒళ్లు మండింది. చెట్లు నరికించడానికా ఇంత చదువు అనుకున్నాడు. సంజయ్ వాదన పెట్టుకోలేదు. వాళ్ల భాషలో అన్నా అని పిలిచాడు.

"మల్లేశ్‌దా, పెద్దచెట్టును చూసి ఆగిపోకు. దాని కింద ఎవరు ఎదురుచూస్తున్నారో చూడు," అన్నాడు.

మల్లేశు వంగి చూశాడు. నిరుడు తన గొడ్డలి కామ రాసుకుని ఆకులు చిరిగిన మొక్క ఒకటి ఆ చిరుగులతోనే, అదే ఎత్తులో నిలబడి ఉంది. ఒక్క కొత్త చిగురు లేదు. ఇన్నేళ్లూ రోజూ ఇటే నడిచాడు గానీ ఎన్నడూ వంగలేదు. లేచి రంగు డబ్బా అందుకున్నాడు.

మొదటి పట్టీ తన చెట్టుకే వేసుకున్నాడు. ఆ తరవాత ఎవరూ అతన్ని పెద్దగా తిట్టలేకపోయారు. వంకరవి, పుచ్చు పట్టినవి, పక్కదాని నెత్తినెక్కినవి, ఒకటొకటిగా పట్టీలు పడ్డాయి. తనను పెంచిన పెద్దమ్మ చెట్టు దగ్గరికొచ్చేసరికి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ముందుకు వెళ్లిపోయాడు.

అది పిచ్చమ్మ కంట్లో పడనే పడింది.

"నా సెట్టు వొంకరన్నావు, సరే. మరి ఆ రెండు కాళ్ల సెట్టు తిన్నంగుందేటిరా?"

"అది పెద్దమ్మ కూకునే సోటు పిన్నీ."

"అయితే నాను కూడా రేపు కుర్సీ ఎత్తుకొచ్చి నా సెట్టు కింద కూకుంతాను. ఉంచీ మరి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మల్లేశు నవ్వలేదు. ఎందుకంటే పిచ్చమ్మ మాటలో అబద్ధం లేదు. ఆ చెట్టు మొదట్లోనే రెండుగా చీలి, పనికిరాని కొమ్మలు గట్టంతా పరిచింది. మొలకలు ఎక్కువ ఉన్నదీ దాని కిందే. దాన్ని వదిలేస్తే మిగతావి కొట్టి లాభం లేదని సంజయ్ కూడా అన్నాడు. "నీకు కష్టమైతే పట్టీ నేను వేస్తాను," అన్నాడు.

"వద్దు సంజయ్‌బాబూ. రేపటిదాకా ఆగండి," అన్నాడు మల్లేశు.

పెద్దమ్మ అతనికి వరసకే గాని రక్తసంబంధం కాదు. మల్లేశు పాకే వయసులో తల్లి కామెర్లతో పోయింది. తండ్రికి రాత్రి డ్యూటీ. వీధులూడ్చే పక్కింటి పెద్దమ్మకు అప్పటికే ముగ్గురు పిల్లలు, ఉన్నది ఒక్క గది. పిల్లాణ్ణి తెచ్చి తన చాప మీద పడుకోబెట్టి, తను వసారాలోకి మారింది. వానాకాలం టార్పాలిన్ కట్టుకుంది, చలికాలం గోనెసంచి కప్పుకుంది. మల్లేశు మీసాలొచ్చి వేరే చోటు చూసుకునేదాకా ఆవిడ మళ్లీ లోపల పడుకోలేదు. ఈ సంగతి ఆవిడ ఎన్నడూ ఎత్తలేదు. అతనూ ఎన్నడూ ఎత్తలేదు. అలాంటి మనిషి కూర్చునే నీడ మీద గొడ్డలి ఎలా వేస్తాడు?

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ కర్ర తాటించుకుంటూ గట్టెక్కింది. కుర్చీలో కూలబడి, తన చెట్టును కిందినుంచి పైదాకా చూసింది.

"ఏటిరా, అందరి సెట్లకీ పట్టీ ఏసి నాదానికి ఎయ్యలేదంట. రంగయిపోనాదేటి?"

"నీకు నీడుండదు పెద్దమ్మా."

"నీడకేటి, గొడుగుంది. అసలు మాట సెప్పు."

మల్లేశు గొడ్డలి కామ గీరుతూ కూర్చున్నాడు. "నాకు సోటిచ్చి నువ్వు బయట పడుకున్నావు. ఇప్పుడు నీ సోటు నా సేత్తోనే తీసీమంతావేటి?"

పెద్దమ్మ అతన్ని వింతగా చూసింది. తరవాత పళ్లు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది.

"ఓరి పిచ్చోడా. మీ పెదనాన్న గురక నీకు తెల్దు, నువ్వు మొద్దునిద్రపోతివి. రంపం పెట్టి కోసినట్టుండీది. నువ్వొచ్చినావని నెపం దొరికి బయటపడ్డాను. ఇన్నాళ్లూ అది మోసుకు తిరుగుతున్నావేటి?"

మల్లేశుకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. గురక నిజమే కావచ్చు. గోనెసంచి కింద ముడుచుకుని ఆవిడ దగ్గిన దగ్గూ నిజమే. రెండోది అతను మొద్దునిద్రలో కూడా విన్నాడు. కానీ ఆవిడతో వాదించి గెలిచినవాడు క్వార్టర్లలో లేడు.

"మా అమ్మోల్లకి సోడి సేనుండీది," అంది పెద్దమ్మ. "ఒత్తుగా మొలిసిన మొక్కలు తియ్యకపోతే గింజ పడతాదేటి? పీకినప్పుడు మనసు పీకుతాది. అయినా పీకుతాం. ఇలా తే."

కుంచె లాక్కుని, ఒక చేత్తో కర్ర ఆనించుకుని తనే పట్టీ వేసింది. ఒక వైపు నడుమెత్తున మొదలై రెండో వైపు మోకాలి దగ్గర తేలింది.

కొట్టే రోజున చెట్టు మొదట్లో చెంబెడు పసుపునీళ్లు పోసింది. మల్లేశు ముందు కొమ్మలు దించి, తాళ్లు కట్టి, కింది మొలకల మీద పడకుండా మానును కాలువ వైపు లాగించాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే పిచ్చమ్మ కూడా ఆ పూట వచ్చి ఒక తాడు పట్టుకుంది. చెట్టు ఒరిగాక, ఏళ్ల తరబడి ఎండ చూడని నేల మీద ఎండ పడింది.

వానలు వెళ్లేసరికి మొలకలు మల్లేశు ఛాతీ దాకా లేచాయి. ఎర్రటి లేతచిగుళ్లు. పెద్దమ్మ గొడుగేసుకుని కుర్చీలో కూర్చుని ఎండను తిడుతోంది. గొడుగు పట్టుకున్నది మల్లేశే.

"ఇందులో నాదేదిరా?"

"నీ సెట్టు కిందివన్నీ నీవే పెద్దమ్మా."

"అన్నిటికీ నీల్లు నువ్వు పోస్తావేటి? నాకొకటి సాలు. ఒకటి పిచ్చమ్మకియ్యి, దాని నోరు మూతపడతాది. మిగతావి మిగతా ఇల్లకియ్యి."

మల్లేశు నిటారుగా ఉన్నదాన్ని ఒకదాన్ని ఆవిడకు చూపించాడు. దాని పక్కనున్న మొక్క పిచ్చమ్మకని చూపించబోతే, పెద్దమ్మ కర్ర ఎత్తి ఆపింది.

"అది కాదు, ఆ అవతల్ది. పక్కిల్లే గానీ, కూసింత ఎడముండాల."